మూడు ఎండాకాలాల చిలప

మూడేళ్ల పరిశోధన పూర్తయింది. కానీ ఆ కాగితాలు గురువుగారి ముందు పెడుతున్నప్పుడు నీరజ ముఖంలో వెలుగు లేదు.

పరీక్షించింది తన రక్తాన్నీ, కవల చెల్లెలు సరోజ రక్తాన్నీ. సరోజకు లూపస్. ఒంటిని కాయాల్సిన కణాలే ఒంటి మీద పడుతున్నాయి, కంచే చేను మేసినట్టు.

"జన్యువులు ఇద్దరివీ ఒకటే సార్, అక్షరం తేడా లేదు. కొన్ని జన్యువులను మూసి ఉంచే గుర్తులు మాత్రం దాని కణాల్లో రాలిపోయాయి. నా కణాల్లో అలాగే ఉన్నాయి. ఎందుకు?"

ఆచార్య భావనయ్య కళ్లద్దాలు తీశారు. నేతగాళ్ల ఇంట పుట్టిన మనిషి. రిటైరయ్యాక మళ్లీ రంగు బానల దగ్గరికే చేరారు.

"ఈ జబ్బు ఎందుకొచ్చిందని సరోజ అడిగిందా?"

"అడిగింది. పుట్టుకే అంత అన్నాను. పిల్లలకూ అంటుకుంటుందేమోనని, ఇక పిల్లలే వద్దనుకుంది."

ఒక్క మాటతో చేతులు దులుపుకున్నానని నీరజకు తెలుసు. అందుకే తల ఎత్తలేదు.

గురువుగారు లోపలి నుంచి రెండు నూలు చిలపలు, దారపు చుట్టలు, తెచ్చారు. రంగు అంటకూడని చోటల్లా రెండింటికీ సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టి ఉన్నాయి. రెండింటినీ ఎర్ర రంగులో ముంచారు. ఒకదాని కట్లు విప్పితే లోపల తెల్లగా ఉంది. రెండోదాని కట్లు బానలోనే పెళుసుగా విరిగి ఊడిపోయాయి. చిలపంతా ఎరుపే.

"ఇది నాసిరకం నూలు సార్."

"తెంపి చూడు."

వేలు కోసుకుంది గానీ దారం తెగలేదు.

"రెండూ ఒక్క నూలే బిడ్డా. అది బీరువాలో పెట్టిన. ఇది కట్లతోనే మూడు ఎండాకాలాలు డాబా మీద ఉండె."

పదో తరగతి అయ్యాక, మగ్గం పనికి ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలన్నాడు నాన్న. "నువ్వు సదువుకో అక్కా" అంది సరోజ. వద్దని మాటవరసకైనా అనలేదు నీరజ. తను హాస్టలు నీడలో, అది నూలారేసే వాకిట్లో ఎండలో. పదిహేనేళ్లు గడిచాయి.

"ఎండ ఒక్కటే కారణం కాదు కదా సార్?"

"కాదు. పుట్టుక ఒక్కటే కూడా కాదు."

నీరజ తడి ఎర్ర చిలపను ఒళ్లోకి తీసుకుంది. చీరంతా ఎర్రబడింది.

"ఆ ఎండలో సగం నా వంతు సార్."

"ఆ మాట నాకెందుకు బిడ్డా? పోయి చెల్లెకు చెప్పు."