సిగ్నలుకి చలివేంద్రం

...ఆఁ, అదే చెప్తున్నా వదినా, ఏమీ అనుకోకు, పొద్దున్న మొదలెట్టినదాన్ని ఇంతసేపు లాగాను. మధ్యలో పోపు మాడింది, తర్వాత ఫోనులో ఛార్జింగు అయిపోయింది. పిల్లలు అక్కడే ఉన్నారా? ఉంటే స్పీకరు పెట్టు. నూకరత్నం వాళ్ళ సంగతి కదా చెప్తున్నాను.

గోదావరి లంకలో వాళ్ళది చిట్టచివరి ఇల్లు. "ఊరందరి తెలివీ ఒక ఎత్తు, మనింటి తెలివి ఒక ఎత్తు" అనేవాడు నూకరత్నం మొగుడు సత్తిరాజు. "ఎవరైనా ఒక మాట చెప్తే మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అందరూ చేస్తారా?" అనేది నూకరత్నం. "చెయ్యరు వదినా" అనేవాడు ఆవిడ మరిది అబ్బులు. రోజూ భోజనాల దగ్గర ఇదే ముచ్చట. తాళంచెవి ఎవరికీ దొరక్కుండా దాచమంటే, ఇంట్లో బియ్యం డబ్బాలో దాచేసి బయట తాళం నొక్కేసిన మనుషులు మరి!

వాళ్ళ కూతురు పూర్ణ. బంగారం లాంటి గొంతు, కానీ సిగ్గు. ఎదురుగా ఇంట్లోవాళ్ళుంటే పాట పెగలదు, తలుపేసుకుని పాడుతుంది. నూకరత్నం పాపం వంటింట్లోంచి వినడమే గానీ, పాడేటప్పుడు పిల్ల మొహం ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. అలాంటిది కాలవ అవతల కేబులు ఆఫీసు వాళ్ళు తమ ఛానెల్లో ఆదివారం సాయంత్రం పాడమన్నారు. అప్పటికప్పుడు పాడాలి, ఒక్కటే పాట, మళ్ళీ వెయ్యరు. "గది చిన్నది, మీరు టీవీలోనే చూడండి" అన్నాడు ఆఫీసు కొండలరావు. టీవీలోనే చూడమన్నాడు, చూస్తారు. అంతే.

ఆదివారం మధ్యాహ్నం పూర్ణని పడవెక్కించి ఆఫీసుకి పంపేసి టీవీ పెట్టారు. ఇంకేముంది, బొమ్మ గజగజా వణుకుతోంది! వార్తలు చదివే అమ్మాయికి మూతి ముందొస్తోంది, మాట తర్వాతొస్తోంది. నూకరత్నం ఆగుతుందా? వెంటనే కొండలరావుకి ఫోను.

"మీది మరీ దూరం అమ్మా," అన్నాడతను. "వైరు పాతది, కొబ్బరిచెట్ల మీంచి రావాలి. దార్లో సిగ్నలు సగం కారిపోతుంది. మిగిలింది నీరసంగా వస్తుంది, కొంత ముందు, కొంత వెనక. అందుకే వణుకు."

"విన్నారా?" అంది నూకరత్నం. "కారిపోతోందట!"

అంతే. ఇంట్లో బిందెలు, చెంబులు, ఇడ్లీ పాత్ర, అన్నీ తీసుకెళ్ళి తోటలో వైరు కింద వరసగా పెట్టేశారు. కాసేపాగి చూస్తే ఏమీ లేదు.

"ఖాళీగా ఉన్నాయేంటన్నయ్యా?"

"ఒరే, సిగ్నలు కంటికి కనబడుతుందేంట్రా? మూతలు పెట్టు, ఆవిరైపోగలదు!"

మూతలు పెట్టి, ఒలక్కుండా మోసుకొచ్చి, ఖాళీ బిందెలన్నీ టీవీ వెనకాల వంచారు. "మెల్లిగా పొయ్యండి, నేలపాలు చెయ్యకండి!" అని నూకరత్నం ఒకటే కేకలు. బొమ్మ వణుకుతూనే ఉంది.

"నీరసం అన్నాడు కదా," అంది. "ఈ ఎండలో అంత దూరం నడిస్తే మనకే సోష వస్తుంది. దానికి మాత్రం రాదూ?"

ఇంకేముంది, తోట మధ్యలో చలివేంద్రం! తాటాకు పందిరి, కొత్త కుండ, అందులో అల్లం వేసిన మజ్జిగ. సిగ్నలు ఎలా తాగుతుంది మరి? అబ్బులు చెట్టెక్కి వైరు అతుకు దగ్గర టేపు విప్పి, ఆ అతుకుని కిందకి లాగి కుండలో ముంచాడు. టీవీలో ఒక్కసారిగా తెల్లటి చారలు.

"తాగింది! తాగింది!" అని చప్పట్లు కొట్టాడు సత్తిరాజు. "చూడు, మజ్జిగ ఇక్కడిదాకా వచ్చేసింది!"

"మజ్జిగొచ్చింది గానీ మనుషులేరండీ?" అంది నూకరత్నం, ఏడుపు గొంతుతో. పొద్దు వాలిపోతోంది మరి.

"కంగారు పడకు. కొంత ముందు, కొంత వెనక వస్తున్నాయన్నాడు. వరసలో పంపేవాడు లేక ఈ తిప్పలు. అది నేను చూసుకుంటా" అని సత్తిరాజు పట్కారు పట్టుకుని చెట్టెక్కాడు. వైరుని పట్కారుతో నొక్కిపట్టి, "ఆగండమ్మా, ముందొచ్చినవాళ్ళు ఆగండి, వెనకవాళ్ళని రానివ్వండి! తోసుకోకండి!" అని బస్సు కండక్టరులా అరుపులు. ఇంట్లోంచి నూకరత్నం, "వచ్చారండీ! అయ్యో, పోయారు! మళ్ళీ వచ్చారు!"

"ఇంకాస్త గట్టిగా పట్టుకో అన్నయ్యా, మొండి సిగ్నల్లాగుంది!"

పట్టుకున్నాడు. వైరు పుటుక్కున తెగింది.

"అబ్బులూ! కారిపోతోందిరా, గుడ్డ తే!" అని తెగిన కొసని బొటనవేలితో మూసి చెట్టు మీదే వేలాడాడు సత్తిరాజు. అబ్బులు తువ్వాలుతో ముడేశాడు. ఎందుకైనా మంచిదని కింద బిందె కూడా పెట్టాడు.

నూకరత్నం మళ్ళీ ఫోను చేసి బావురుమంది. "నా పిల్ల పాడుతుంటే మొహం చూడకుండానే పోతాను బాబూ!"

"ఇక్కడ అద్దంలా వస్తోందమ్మా, అంతా ఆ దూరంతోనే మీకు బాధ" అని పెట్టేశాడు కొండలరావు.

దూరమే కదా బాధ? అంతే! డబ్బా టీవీని దుప్పట్లో చుట్టి, పడవెక్కించి, కాలవ దాటించి, ముగ్గురూ మోసుకుంటూ ఆఫీసులో దిగారు. ఒక బిందె, చెంబుడు మజ్జిగ కూడా వెంటే. కొండలరావు నోరెళ్ళబెట్టి, వాళ్ళు కాళ్ళావేళ్ళా పడుతుంటే వదిలించుకోలేక వైరు తగిలించాడు. అప్పుడే పూర్ణ పాట ఎత్తుకుంది. పక్కగదిలోనే, అద్దం అవతల, కళ్ళు మూసుకుని.

"అదుగోనమ్మా మీ అమ్మాయి, వెనక్కి తిరిగి చూడండి" అన్నాడతను.

"మమ్మల్ని టీవీలోనే చూడమన్నది నువ్వే కదయ్యా" అని ముగ్గురూ అద్దానికి వీపు పెట్టి కూచున్నారు.

చూసింది వదినా. పాట అంతా చూసింది. వణుకు లేదు, చార లేదు. పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా పిల్ల ఎడమ కనుబొమ కొంచెం పైకి లేస్తోంది. "అచ్చం మా అమ్మ కనుబొమ" అని కొంగు నోట్లో కుక్కుకుంది నూకరత్నం.

పాటయింది. టీవీలో పూర్ణ పక్కకి తప్పుకుంది, ఉత్త మైకు మిగిలింది. తలుపు తోసుకుని, "అమ్మా! మీరెప్పుడొచ్చారు?" అంటూ పిల్ల ఎదురుగా నిలబడింది.

నూకరత్నం టీవీ చూసింది, పిల్లని చూసింది, గుండెలు బాదుకుంది. "ఓరి దేవుడో! పిల్లంతా కారిపోయి బయట పడిందిరా! బిందె తేరా అబ్బులూ!"

"బిందెలో పట్టదు వదినా!"

సత్తిరాజు అప్పటికే టీవీ వెనక డొప్ప ఊడదీసేశాడు. "రామ్మా పూర్ణా, భయపడకు, ముందు తల పెట్టు, కాళ్ళు నేను తోస్తా."

"నాన్నా! నేను అందులోంచి రాలేదు!"

"జడ జాగ్రత్త, వైర్లకి చుట్టుకోగలదు!"

"ఆగన్నయ్యా," అన్నాడు అబ్బులు చెంబు తీసి, "ఎక్కించే ముందు కాస్త మజ్జిగ పట్టించు. మళ్ళీ మనింటిదాకా వైర్లో నడవాలి కదా పాపం!"

అప్పుడు కొండలరావు ఏం చేశాడనుకున్నావ్... ఆఁ? ఎవరూ? గ్యాసు బండా? ఉండు బాబూ, గేటు తీస్తున్నా, వెళ్ళిపోకు! వదినా, ఒక్క