కలువల స్టేషను

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో నరహరి అనే బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. మంచివాడే గాని, తనకు నచ్చింది ఇంటిల్లిపాదికీ నచ్చి తీరుతుందని నమ్మేవాడు.

అతనికి రైలు ప్రయాణమంటే ప్రాణం. సెలవు దొరికితే చాలు, భార్య సులోచననూ కూతురు పావనినీ వెంటబెట్టుకుని పొద్దున్నే రైలెక్కేవాడు. చీకటి పడేసరికి నగరానికి తిరిగొచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళాలో ముందురోజు భోజనాల దగ్గర తనే ప్రకటించేవాడు. ఒకసారి బీదరు కోట, ఒకసారి వరంగల్లు కోట, ఒకసారి అనంతగిరి కొండలు. కోటలూ కొండలూ తప్ప మరొకటి అతని కంటికి ఆనేది కాదు. సులోచన తెల్లవారకముందే లేచి పులిహోర కలిపేది, సంచి సర్దేది, అతని వెనకాలే మెట్లెక్కేది.

"బాగుంది కదూ?" అనేవాడు నరహరి పైకి చేరాక.

"బాగుందండీ" అనేది ఆమె ఆయాసపడుతూ. దాంతో అతనికి తృప్తి.

కాజీపేట దారిలో ఒక చిన్న స్టేషను ఉంది. ప్లాట్‌ఫారం పక్కనే కుంట, కుంట నిండా కలువలు. రైలు అక్కడ ఆగినప్పుడల్లా సులోచన కిటికీలోంచి కన్నార్పకుండా చూసేది. వానాకాలం వెళ్ళాక ఒక శనివారం రాత్రి భోజనాల దగ్గర నరహరి భువనగిరి కోటకు ప్రయాణమని ప్రకటించాడు.

"ఏమండీ, ఈసారి ఆ కలువకుంట దగ్గర దిగుదామా?" అని అడిగింది సులోచన.

నరహరి పకపకా నవ్వాడు. "అక్కడేముందే చూడటానికి? వింటే నలుగురూ నవ్విపోతారు."

మర్నాడు రైలు ఆ స్టేషనులో ఆగగానే సులోచన లేచి, పులిహోర డబ్బా కూతురి ఒళ్ళో పెట్టింది. "మీరిద్దరూ కోట చూసి రండి. నేనిక్కడ దిగుతున్నాను" అంటూ, అతను తేరుకునేలోగా దిగిపోయింది. రైలు కదిలింది.

నరహరి కంగారుగా ఫోను చేశాడు. "ఇక్కడ హాయిగా ఉందండీ. తొందరేం లేదు, నెమ్మదిగా చూసి రండి" అంది సులోచన. ఆ గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళుగానో అతను వినని హుషారు ఉంది. కోపంగా ఉన్నా అతనికి అంత గుచ్చుకునేది కాదు.

కోట గుట్ట సగం ఎక్కాక పావని చతికిలబడింది. "పైనుంచి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి నాన్నా. నువ్వెళ్ళిరా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"నువ్వు 'పద పద' అంటుంటే ఎప్పుడు చెప్పను?"

నరహరి ఒక్కడే పైకి చేరాడు. చల్లని గాలి, కింద పచ్చని పొలాలు, దూరంగా మెరిసే చెరువులు. "బాగుంది కదూ?" అన్నాడు అలవాటుగా వెనక్కి తిరిగి. అక్కడ ఎవరూ లేరు. ఆ బండ మీద అతనికి పట్టుమని నిమిషం నిలవబుద్ధి కాలేదు.

తిరుగు రైల్లో తండ్రీకూతుళ్ళు చిన్న స్టేషనులో దిగారు. సులోచన కుంటగట్టున కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టి, కలువలు కోసే ఒక ముసలామెతో కబుర్లాడుతోంది. మడమలు రెండూ వాచి ఉన్నాయి.

"ఈ నొప్పి ఎప్పట్నుంచి?" అన్నాడు నరహరి పక్కన కూర్చుంటూ.

"నిరుడు వరంగల్లు వెళ్ళొచ్చినప్పట్నుంచి."

"ఒక్క మాటైనా అనలేదే!"

"బాగుందా అని అడిగారు గాని, నీకెలా ఉందని ఎప్పుడైనా అడిగారా?" అంది ఆమె మెల్లగా. "ఇక్కడ చూడ్డానికేమీ లేదు, నిజమే. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. కాసేపు ఊరికే కూర్చోవచ్చు. నాకదే కావాలి."

నరహరి తనూ బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టాడు. పావని డబ్బా మూత తీసింది. ముసలామెకు కూడా ఆకులో పులిహోర పెట్టారు. పొద్దు వాలేదాకా ఎవరూ లేవలేదు.

తర్వాతి సెలవుకు ముందు నరహరి భోజనాల దగ్గర ఏమీ ప్రకటించలేదు. "ఎక్కడికి వెళ్దాం?" అని అడిగాడు. పావని, రైల్లో చివరి స్టేషను దాకా వెళ్ళి ఊరికే తిరిగి రావాలంది. 'అదేం ప్రయాణం?' అనబోయి నాలుక కరచుకున్నాడు. ముగ్గురూ అలాగే వెళ్ళారు.

నీతి: తోడు వచ్చేవారి మనసు అడగనివాడు ఎంతమందిని వెంటబెట్టుకున్నా ఒంటరిగానే ప్రయాణిస్తాడు.