మేక సినిమా రెండో ఆట

ఆరేళ్లలో త్రినాథ్ రాసిన తెలుగు మాటలకి ఆ హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఏడవనూ లేదు. కెజియా వచ్చేదాకా అది లోపమని అతనికి తోచనేలేదు.

ఆ హాలు నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఉండేది. ఆదివారం పొద్దున పదింటికి కిటికీలకి నల్లగుడ్డలు కట్టి సినిమా వేసేవాళ్లు. పెద్ద థియేటర్లలో ఎన్నడూ ఆడని సినిమాలు. కొన్ని ఎక్కడెక్కడి దేశాలవో, యాభై అరవై ఏళ్ల నాటివి. కొన్ని నిన్నమొన్న ఎవరో నలుగురు కలిసి సొంతంగా తీసుకున్నవి. మొత్తం నూటపది కుర్చీలు. ఇంత పెద్ద ఊళ్లో నూటపది కుర్చీలకి సరిపడా పిచ్చివాళ్లు దొరక్కపోరు.

ఆ పిచ్చి అంటించింది లతీఫ్ మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. వయసులో ఉన్నప్పుడు తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, సినిమాలో ఎవరేమన్నా అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవారట. తర్వాత్తర్వాత మాటలు రాసి చూపించడం మొదలైంది. సినిమాతో వచ్చే ఇంగ్లీషు మాటలు చూసి ముందుగా ఒక నోటుపుస్తకంలో తెలుగు చేస్తారు. ఆదివారం ఒకరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తెరమీద మనిషి నోరు తెరిచినప్పుడల్లా మీట నొక్కుతారు. ఆ మాట తెర కింద కట్టిన తెల్లగుడ్డ మీద పడుతుంది. ఒక్కో సినిమాకి ఏడెనిమిది వందల సార్లు నొక్కాలి.

నోటుపుస్తకంలో కాగితాలు నిండితే కొత్తవి కుట్టించేవారు గాని, దాని ఎర్ర అట్ట మాత్రం నలభై ఏళ్లుగా అదే. ఆ అట్ట ఎవరి దగ్గరుంటే రాసేది వాళ్లు. ఆరేళ్లుగా అది త్రినాథ్ దగ్గరుంది.

త్రినాథ్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవాడు. ఒక్కో సినిమాకి నెల్లాళ్లు కూర్చునేవాడు. నిఘంటువు చూడనిదే ఒక్క మాట పెట్టేవాడు కాదు. ఆట అయ్యాక మాస్టారు అతని భుజం మీద చెయ్యేసి, "ఇవాళ హాలు నిశ్శబ్దంగా ఉందిరా" అనేవారు. ఆ మాట అతను ఇంటికెళ్లి భార్యకి చెప్పేవాడు. సోమవారం ఆఫీసులో చెప్పేవాడు. వాళ్లకి వినీ వినీ విసుగొచ్చింది కూడా.

మాస్టారికి డెబ్భై ఆరు నిండాయి. ఈ వేసవితో చాలిస్తానన్నారు. జూన్ నుంచి సినిమాలు ఎంచడం, మాటలు రాయడం, ఆదివారం నడపడం అంతా ఒకరికి అప్పజెబుతానన్నారు. ఆ ఒకరు ఎవరన్నది చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడు త్రినాథ్.

సరిగ్గా అప్పుడు దిగింది కెజియా. డిగ్రీ చదివి పల్నాడు నుంచి వచ్చి కోఠీలో చీరల షాపులో పనిచేస్తూ, ఆ వీధిలోనే హాస్టల్లో ఉండే అమ్మాయి. ఆదివారం ఏం తోచక మేడెక్కింది. డైరెక్టర్ల పేర్లు ఒక్కటీ తెలియదు. ముందువరుసలో కూర్చుని తెరమీద వాళ్లతో మాట్లాడేది. వద్దమ్మా, వాణ్ణి నమ్మొద్దు అని పైకే అనేది. త్రినాథ్‌కి ఒళ్లు మండేది. మాస్టారు మాత్రం ఆ అమ్మాయి రాని ఆదివారం, ఆట మొదలయ్యాక కూడా మెట్లవైపే చెవి పెట్టి కూర్చునేవారు.

ఒకరోజు టీ దగ్గర మాస్టారు ఆమెని పిలిచి, ఇవాళ సినిమాలో తల్లి రైలు దగ్గర కొడుకుతో ఏమందమ్మా అని అడిగారు. "పోయినాక కడుపునిండా తిను, నా మీద కోపం అన్నం మీద చూపించబాకు అంది," అని చెప్పింది కెజియా. తెల్లగుడ్డ మీద పడిన మాట అది కాదు. 'ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో' అని రాశాడు త్రినాథ్. అందులో తప్పేమీ లేదు.

మాస్టారు వచ్చే నెల మేక సినిమా నువ్వు రాయమ్మా అన్నారు. ఎర్ర అట్ట పుస్తకం త్రినాథ్ చేతిలోంచి తీసుకుని ఆమెకిచ్చారు. మీట త్రినాథ్ నొక్కుతాడని కూడా ఆయనే అన్నారు.

త్రినాథ్ తలూపాడు. ఇంటికెళ్లి అన్నం సహించలేదన్నాడు. ఆరేళ్లు రాసినవాడు మీట నొక్కేవాడయ్యాడు, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల రాసేదయింది. మాస్టారికి వయసు మీదపడి మతి చలించిందనుకున్నాడు. ఆ పిల్ల నవ్వు చూసి మోసపోయారనుకున్నాడు. వారం తిరిగేసరికి, ఆమెకి జ్వరం వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తర్వాత ఇదంతా దాచకుండా తనే చెప్పుకున్నాడు గనక మనకి తెలిసింది.

జ్వరం రాలేదు. కెజియా రాసిచ్చింది. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి త్రినాథ్ కూర్చున్నాడు.

మేక సినిమా ఏదో కొండల దేశానిది. అందులో ఒక ముసలి మొగుడూ పెళ్లాం. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఏం చెప్పాలన్నా ఇంట్లో ఉన్న మేకతో చెబుతారు. పులుసులో ఉప్పు లేదని ఆయన మేకతో అంటాడు. నిన్నటిదాకా ఉన్న నాలుక ఇవాళేమైందో కనుక్కోమని ఆవిడ మేకతో అంటుంది. సినిమా సగం దాటాక ఒక సాయంత్రం ఆవిడ మేకని దగ్గరికి లాక్కుని ఒక మాట అడుగుతుంది. ముసలాయన వింటాడు. చెంచా కింద పెట్టి, లేచి, బయటికి పోయి తలుపేసుకుంటాడు. వాకిట్లో నిలబడి ఏడుస్తాడు.

ఆ మాట కెజియా ఇలా రాసింది: "నీకైనా చెప్పాడా, అప్పుడెందుకు అలిగాడో? నేనెప్పుడో మర్చిపోయా."

త్రినాథ్ అక్కడ ఆగిపోయాడు. తనైతే ఏం రాసేవాడో ఆలోచించాడు. 'ఆయన ఆగ్రహానికి కారణం నీకేమైనా తెలుసా? నాకు జ్ఞాపకం లేదు.' తప్పు లేదు, ప్రశ్న గుర్తు కూడా సరిగ్గా ఉంది. కెజియా మాట మళ్లీ చదివాడు. తనకి తెలియకుండానే నవ్వాడు. నవ్వినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ మాట బాగుందని అందరికన్నా ముందు తెలిసిందీ అతనికే, ఓర్చుకోలేకపోయిందీ అతనే.

ఆదివారం హాలు నిండింది. మొదటి పులుసు దగ్గరే అక్కడొకరూ ఇక్కడొకరూ నవ్వారు. ముందువరుసలో కెజియా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరిగి నవ్విన మొహాలన్నీ చూసింది. ఆరేళ్లలో తను ఒక్కసారి కూడా అలా తిరిగి చూడలేదని త్రినాథ్‌కి గుర్తొచ్చింది. తిరిగినా చూడ్డానికేమీ ఉండేది కాదు.

సాయంత్రం సీను వచ్చింది. ముసలావిడ మేకని దగ్గరికి లాక్కుంది, నోరు తెరిచింది. కెజియా నవ్వుల కోసం అప్పటికే వెనక్కి తిరిగి ఉంది. త్రినాథ్ వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. ఆవిడ మాట అయిపోయింది. ముసలాయన చెంచా కింద పెట్టాడు, లేచాడు, తలుపేసుకున్నాడు. అప్పుడు నొక్కాడు.

వాకిట్లో ముసలాయన ఏడుస్తుంటే, కింద తెల్లగుడ్డ మీద ఆ మాట పడింది. ఇద్దరెవరో నవ్వి చప్పున ఆపేశారు. ఎవరో వాళ్లని కసిరారు. ముందువరుసలో కెజియా తల వంగిపోవడం త్రినాథ్ చూశాడు. అతనికి హాయిగానే అనిపించింది. ఆ సంగతి కూడా అతను దాచలేదు.

ఆట అయ్యాక కెజియా పుస్తకం తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. ఇది తన వల్ల అయ్యే పని కాదని, ముసలాయన ఏడుస్తుంటే జనాన్ని నవ్వించానని, ఆయన పరువు తీశానని చెప్పింది. మాస్టారు ఆమెని బతిమాలలేదు. పుస్తకం చేతిసంచిలో వేసుకున్నారు. త్రినాథ్ చెయ్యి కొంచెం ముందుకొచ్చింది గాని ఆయన చూసినట్టు లేదు.

ఆ సంచిలోంచి పుస్తకం మళ్లీ తన దగ్గరికే వస్తుందని అతను వారమంతా ఎదురుచూశాడు. రాలేదు. రెండో వారంలో, వచ్చే ఆదివారం మళ్లీ మేక సినిమానే వేద్దామన్నారు మాస్టారు. చూసిన సినిమాకి ఎవరొస్తారని హాలు ఖర్చులు చూసే కమిటీవాళ్లు సణిగారు. మొన్న నాకు సరిగ్గా అందలేదు, మళ్లీ చూస్తానన్నారాయన. మాటలు తను కొత్తగా రాసిపెడతానన్నాడు త్రినాథ్. వద్దు, అవే ఉండనీ అన్నారు. కెజియాకి ఆయనే ఫోన్ చేసి, రాయొద్దులే గాని ఈ ఒక్క ఆదివారం వచ్చి మీట నొక్కి పొమ్మన్నారు. పెద్దాయన అడిగితే కాదనలేక ఆమె ఒప్పుకుంది.

ఆ ఆదివారం కూడా హాలు నిండింది. కెజియా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మాస్టారు ఎప్పటిలాగే చిట్టచివరి వరుసలో కూర్చుని, త్రినాథ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "కింద పడే మాటలు నా చెవిలో చదువు," అన్నారు.

"కళ్లజోడు తేలేదా మాస్టారూ?"

"కళ్లజోడు ఉంది. చూపే లేదు. ఆ అక్షరాలు అలుక్కుపోయి మూడేళ్లయిందిరా."

మరి ఇన్నాళ్లూ ఎలా చూశారని త్రినాథ్ నెమ్మదిగా అడిగాడు.

"హాలుని వింటూ చూశాను."

ఇవాళ హాలు నిశ్శబ్దంగా ఉందిరా. ఆ మాట ఎన్ని ఆదివారాలు విన్నాడో, ఎంతమందికి చెప్పుకున్నాడో తలుచుకునేసరికి త్రినాథ్ చెవులు వేడెక్కాయి. ఇంతలో సినిమా మొదలైంది. చదవక తప్పలేదు.

మొదట్లో గొంతు కట్టెలా ఉంది. ఆఫీసులో పాలసీ నిబంధనలు చదివినట్టే చదివాడు. పులుసు దగ్గరికొచ్చేసరికి అలా చదవడం కుదరలేదు. ఆ మాటలు అలా చదవనివ్వవు. ముసలాయన మాట విసురుగా, ముసలావిడ మాట సాగదీస్తూ వాటంతటవే వచ్చాయి. మాస్టారు అతని వైపు ఒంగి పిల్లాడిలా వింటున్నారు.

సాయంత్రం సీను వచ్చింది. ముసలావిడ మేకని లాక్కుంది. నోరు తెరవగానే గుడ్డ మీద మాట పడింది. ఆ మాటే త్రినాథ్ మాస్టారి చెవిలో అన్నాడు, "నీకైనా చెప్పాడా, అప్పుడెందుకు అలిగాడో? నేనెప్పుడో మర్చిపోయా."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. ముసలాయన చెంచా కింద పెట్టాడు, ఇంకా నవ్వుతున్నారు. లేచాడు, నవ్వు తగ్గింది. తలుపేసుకున్నాడు. వాకిట్లో ఆయన ఏడుస్తుంటే ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. అంతదాకా నవ్వినవాళ్లలోనే ఎవరో.

మాస్టారు తెరవైపే మొహం పెట్టి మెల్లిగా అన్నారు. "మొన్న తలుపు పడ్డాక ఇద్దరు నవ్వారు. తలుపుని చూసి ఎవరూ నవ్వరురా."

ఇంకా రెండొందల మాటలున్నాయి. త్రినాథ్ అవన్నీ చదివాడు, ఎలా చదివాడో అతనికే తెలియదు.

ఆట అయ్యాక జనం కెజియా చుట్టూ మూగారు. వాళ్లు టీకి కదిలాక ఆమె త్రినాథ్ దగ్గరికొచ్చింది. మొహం వెలిగిపోతోంది, ఏదో అర్థంకానట్టుగానూ ఉంది.

"అన్నా, మొన్న కూడా ఇదే మాట గదా. ఇవాళేంది ఇట్టా నవ్వారు?"

త్రినాథ్ మాస్టారి వైపు చూశాడు. ఆయన కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ వైరు తడుముకుంటూ చుడుతున్నారు. ఇటు చూడలేదు. చూసినా ఏం కనపడుతుంది.

"మొన్న నేను ఆలస్యంగా నొక్కాను," అన్నాడు త్రినాథ్. "కావాలనే."

ఆమె మొహంలో నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఎందుకన్నా?"

"ఆ మాట నేను రాయలేను. అందుకని."

కెజియా సంచి భుజానికి తగిలించుకుంది.

"రెండు వారాలబట్టీ నాకేమీ రాదనుకుంటున్నా," అని మాత్రం అంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

త్రినాథ్ అక్కడే నిలబడ్డాడు. మాస్టారు వైరు పక్కన పెట్టి, చేతిసంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశారు. తడుముకుంటూ త్రినాథ్ చెయ్యి పట్టుకుని, అందులో పెట్టారు. ఆరేళ్లు మోసిన బరువే అది. అరిచెయ్యి దాన్ని వెంటనే గుర్తుపట్టింది. జూన్ నెలా, సినిమాలూ, మాస్టారి కుర్చీ, ఇన్నాళ్లుగా అతను కోరుకున్నదంతా ఆ చేతిలోనే ఉంది.

"ఇంకా గేటు దాకా పోయుండదు," అన్నారు మాస్టారు, మళ్లీ వైరు అందుకుంటూ.

త్రినాథ్ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు.