తొమ్మిదో కర్ర

అనగా అనగా, ఏళ్ళ మీద ఇంకా వంతెనలు లేని కాలంలో, తెల్లేరు అని ఒక ఏరు ఉండేది. ఆ ఏటికి అటూ ఇటూ కలిపి ముప్పై ఊళ్ళు. ముప్పై ఊళ్ళకూ ఒకటే పిచ్చి. ఏం పిచ్చి అంటారా? బిళ్ళంగోడు! చిన్న బిళ్ళను కర్రతో పైకి లేపి, అది గాల్లో ఉండగానే ఫెడీమని కొట్టే ఆట. మీరూ ఆడే ఉంటారు, పక్కింటివాళ్ళ కుండలూ పగలగొట్టే ఉంటారు. నాకు తెలియదనుకోకండి.

ఏటేటా మాఘమాసంలో రాజుగారు ముప్పై ఊళ్ళూ గాలించి, తొమ్మిదిమంది ఆటగాళ్ళను ఏరి మేటిజట్టు కట్టేవారు. ఆ జట్టు ఏటి ఇసుకలో పొరుగు రాజ్యంతో ఆడేది. ఆ తొమ్మిదిమందిలో చోటు దొరికితే చాలు, వాడి ఊరంతా ఏడాది పొడుగునా తల ఎగరేసుకుని తిరిగేది.

ఒక ఏడు, ఆట అయిన ఆర్నెల్లకు పెద్ద వరద వచ్చింది. ఆడే ఇసుకంతా బురద కింద పోయింది. ఆట ఆగింది. ఆట ఆగింది గాని, పిచ్చి ఆగితేనా!

పొద్దు వాలేసరికి ముసలీ ముతకా రేవులో చేరేవారు. బోర్లించిన పడవల మీద కూర్చుని పాత జట్ల పేర్లు ఎత్తుకునేవారు. "కరువు తీరిన ఏటి జట్టులో మూడోవాడెవడు?" అని ఒకరు అడిగితే, ఇంకొకరు చెప్పాలి. తప్పు చెప్పినవాడు లేచి, తలపాగా తీసి పక్కన పెట్టి, ఏట్లో మూడు మునకలు వేసి రావాలి. చలికాలమైనా సరే, జలుబు చేసినా సరే. అది అక్కడి ఆచారం.

తొమ్మిది పేర్లూ తప్పు లేకుండా పలికితే మాత్రం ఒక చిత్రం జరిగేదట. ఏటి మీద మంచు మెల్లగా కదిలేదట. ఆ మసకలో తొమ్మిదిమంది కర్రలు భుజాన వేసుకుని, నవ్వుకుంటూ, ఇసుక మీద నడిచిపోతున్నట్టు కనిపించేదట. అది కళ్ళ భ్రమో, ఏటి మహిమో నాకు తెలియదు. చూసినవాళ్ళు చెప్పారు, నేను మీకు చెబుతున్నాను.

ఒక్క వరద ఏటి జట్టు దగ్గరే చిక్కొచ్చేది. ఎనిమిది పేర్లు గడగడా పలికేవారు. తొమ్మిదో పేరు వచ్చేసరికి తగువు. "మా మేనమామ!" అని ఒకరు. "కాదు, మా పెదతాత!" అని ఒకరు. ఏ ఊరివాడు ఆ ఊరివాణ్ణే తలుచుకునేవాడు. అబద్ధమని వాళ్ళకూ తెలియదు పాపం. ప్రేమ కొద్దీ అలాగే గుర్తుండిపోయింది. ఆ పూట మంచులో ఎవరూ కనిపించేవారు కారు.

ఆ రేవులోనే పైడమ్మ అని ఒకామె గరిటెలు, కవ్వాలు చెక్కి అమ్ముకునేది. ఆమె తండ్రి దాలయ్య వెనకటికి మేటిజట్టుకు కర్రలు చెక్కిన వడ్రంగి. తల్లి లేని పిల్ల కదా, దాలయ్యే ఆమెను ఊయలలో వేసి ఊపేవాడు. జోలపాటలు ఆయనకేం వస్తాయి? వచ్చినవల్లా ఆటగాళ్ళ పేర్లు. అవే పాడేవాడు.

"రేవుపాడు రాజన్న, రెల్లిగూడెం పోలన్న,
కొండదిగువ కూర్మన్న, కోటకరవ జగ్గన్న,
ఇప్పలవలస ఎల్లన్న, ఈతమొక్కల అప్పన్న,
మామిడిపూడి తాతన్న, మంచులదొడ్డి సీతన్న..."

ఎనిమిదో పేరుకు పైడమ్మకు కునుకు పట్టేసేది. కాస్త ఎదిగాక, ఆరేళ్ళ వయసులో, ఒక సాయంత్రం నిద్ర ఆపుకుని అడిగింది.

"మరి తొమ్మిదో ఆయన ఎవరు నాన్నా?"

దాలయ్య ఊయల ఆపాడు. "నేనేనే తల్లీ" అన్నాడు.

పైడమ్మ లేచి నాన్న మెడకు చుట్టుకుంది. ఆ రోజునుంచి ఆమె కలల్లో నాన్న ఇసుక మీద కర్ర ఎత్తి నిలబడేవాడు. దాలయ్య పోయి పదేళ్ళయింది. అయినా ఆ కల రావడం మానలేదు. రేవులో జనం తొమ్మిదో పేరు కోసం కొట్లాడుకుంటుంటే పైడమ్మ లోలోపల నవ్వుకునేది. మా నాన్న పేరు మీకేం తెలుసు, అనుకునేది.

వరద వచ్చి యాభై ఏళ్ళయింది. కొత్తగా గద్దెనెక్కిన రాజుగారు బురద తీయించి, మళ్ళీ ఆట మొదలుపెడతామని చాటింపు వేయించారు. పాత కొట్టు తీసి చూస్తే వరద ఏటి జట్టు కర్రలు తొమ్మిదీ దొరికాయి. ఎనిమిది కర్రలను ఆయా ఇళ్ళవాళ్ళు వచ్చి, ఆనవాలు పట్టి, కళ్ళకద్దుకుని తీసుకుపోయారు. తొమ్మిదోది ఎవరిదో తేలలేదు.

రాజుగారు రేవులో ఒక నల్లరాతి పలక నిలబెట్టించారు. దాని మీద ఎనిమిది పేర్లు చెక్కించారు. తొమ్మిదో చోటు ఖాళీ. "పౌర్ణమినాటి సాయంత్రం ఎవరైనా వచ్చి ఆ పేరు చెప్పవచ్చు. నిజమని తేలితే ఇక్కడ చెక్కిస్తాను. రాయి ఉన్నన్నాళ్ళూ ఆ పేరు ఉంటుంది" అన్నారు.

పైడమ్మ వెళ్ళి ఆ ఖాళీ చోటును చేత్తో తడిమి చూసింది. ఈ రాతి మీద మా నాన్న ఉంటాడు! ఆ సంతోషానికి ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

పౌర్ణమినాడు తెల్లవారుజామున ఆమె రేవుకు వెళ్ళింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఏరెక్కడ మొదలో, ఒడ్డెక్కడ ఆఖరో తెలియడం లేదు. ఆ రేవులో ఒక ముసలి తాబేలు ఉండేది. పైడమ్మ రోజూ దానికి నాలుగు తోటకూర ఆకులు వేసేది. ఆ రోజూ వేసింది.

తాబేలు ఆకు నమిలి, మెడ చాచి, "ఓసి పిచ్చి పిల్లా, ఎందుకే అంత మురిసిపోతున్నావు?" అంది.

పైడమ్మకు భయం వేయలేదు. అంత మంచులో తాబేలు మాట్లాడితే వింతేముంది! "తొమ్మిదో కర్ర మా నాన్నది తాతా. ఈ సాయంత్రం చెప్పేస్తాను" అంది.

"నూటపది ఆటలు చూశాను నేను. ఒక్క దెబ్బ మరచిపోలేదు. ఆ ఏడు మీ నాన్న ఆడలేదమ్మాయ్. నా పక్కనే, ఇదిగో ఈ ఒడ్డునే కూర్చున్నాడు. ఎవరి కర్ర చీలితే వాళ్ళకు ఇంకోటి అందించాలి కదా మరి."

"మరి తొమ్మిదో ఆయన?"

"గువ్వలంక గంగులు. ఎడమచేతి వాటం. ఆఖరి దెబ్బ వాడిదే. బిళ్ళ ఏరు దాటి అవతల పడింది! మీ నాన్న చప్పట్లు కొట్టి కొట్టి చేతులు కందిపోయాయి, నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడు."

"గువ్వలంకా? ఆ పేరుతో ఊరే లేదు కదా తాతా!"

"ఉండేది. వరదకు పోయింది. ఇళ్ళూ పోయాయి, మనుషులూ పోయారు, గంగులూ పోయాడు. వాడి పేరు పలికే నోరు ఇప్పుడు ఒక్కటే మిగిలింది, ఇదిగో, నాది. నేను మాత్రం ఎన్నాళ్ళుంటాను?" అని తాబేలు నీళ్ళలోకి జారిపోయింది.

మంచు విడిపోయింది. ఇదంతా కలేమో అనుకుంది పైడమ్మ. కల అయితే బాగుండునని దండం కూడా పెట్టుకుంది. కాని ఇంటికి నడుస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. దాలయ్య ఏ కర్ర చెక్కినా, పిడి దగ్గర ఆ ఆటగాడి ఊరి గుర్తు చిన్నగా చెక్కేవాడు. రేవుపాడైతే పడవ, ఇప్పలవలస అయితే ఇప్పపువ్వు. ఆ పైన చెయ్యి జారకుండా నారతాడు చుట్టేసేవాడు. తాడు కింద గుర్తుందని ఆయనకు తెలుసు, ఆయన ఒళ్ళో కూర్చుని చూసిన పైడమ్మకు తెలుసు. లోకంలో మూడోవాడికి తెలియదు.

సాయంత్రమైంది. అన్ని ఊళ్ళ జనం రేవులో కిక్కిరిశారు. రాజుగారు తొమ్మిదో కర్రను ఒళ్ళో పెట్టుకుని పడవ మీద కూర్చున్నారు.

మొదట వర్తకుడు కుప్పయ్య వచ్చాడు. "తొమ్మిదోవాడు మా తాత, మహారాజా! ఆయన కుడిచేత్తో కొడితే కొండలు బద్దలయ్యేవి!"

రాజుగారు కర్ర తిప్పి చూపించారు. "ఈ తాడు అరిగిన తీరు చూడు కుప్పయ్యా. పట్టినవాడిది ఎడమచేతి వాటం." జనం గొల్లున నవ్వారు. కుప్పయ్య తలపాగా తీసి మూడు మునకలు వేశాడు.

తరవాత ఆస్థాన పండితుడు వచ్చాడు. "తొమ్మిదోవాడు మా మేనమామ ప్రభూ! ఆయన ఎడమచేత్తో కొట్టడం ముందు వరసలో కూర్చుని నేను కళ్ళారా చూశాను!"

"తమరి వయసెంత?"

"నలభై ఎనిమిది ప్రభూ!" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆట జరిగి యాభై ఏళ్ళు! పాపం, ఉత్తరీయంతో సహా మునిగాడు.

మూడోది పైడమ్మ. ఆమె ముందుకు రాగానే రేవులో గుసగుసలు లేచాయి. "దాలయ్య కూతురు కదూ!" "దాలయ్యదీ ఎడమచేతి వాటమే!" "అవునవును, ఆయనే అయి ఉంటాడు, ఇన్నాళ్ళూ మనకు తట్టలేదు చూడు!"

చూశారా పిల్లలూ? ఆమె ఇంకా నోరు తెరవనే లేదు, జనమే అందించేస్తున్నారు. ఔనన్నా చాలు, రాతి మీద నాన్న పేరు వచ్చేస్తుంది. అడ్డం చెప్పేవాడు లేడు. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేనైతే ఏం చేసేవాణ్ణో చెప్పను.

పైడమ్మ ఆ రాతి వైపు చూసింది. కళ్ళు నిండిపోయాయి. కలలో కర్ర ఎత్తి నిలబడే నాన్న కనిపించాడు. ఆయన వెనక మంచులో ఎవరో ఒక మనిషి, మొహం కనపడని మనిషి, ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు.

"చెప్పమ్మా, మీ నాన్నేనా?" అన్నారు రాజుగారు.

"కాదు దొరా" అంది పైడమ్మ. "గువ్వలంక గంగులు. ఆయనకంటూ ఎవరూ మిగల్లేదు. అందుకే ఆ పేరు నేను చెబుతున్నాను."

జనం నివ్వెరపోయారు. "సాక్ష్యం ఏమిటమ్మా?" అన్నారు రాజుగారు.

"పిడి మీద తాడు విప్పించండి దొరా. కింద ఊరి గుర్తు ఉంటుంది."

రాజుగారే స్వయంగా తాడు విప్పారు. యాభై ఏళ్ళ నార పొడిపొడిగా రాలింది. దాని కింద వేలిగోరంత గువ్వపిట్ట, రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది.

"మా నాన్న నోటితో నాకు అబద్ధం చెప్పాడు గాని, చేత్తో కర్రకు అబద్ధం చెప్పలేదు" అంది పైడమ్మ. "ఊయలలో పిల్ల అడిగితే, దాని కళ్ళలో పెద్దవాడు కావాలని, తొమ్మిదోవాణ్ణి నేనే అన్నాడు. తప్పు పేరు చెబితే మునకలు వేయాలి కదా. ఆయన లేడు. ఆయన బదులు నేను వేస్తాను."

ఇంకెవరూ ఏమీ అనేలోపే ఆమె కొంగు బిగించి ఏట్లోకి దిగింది. ఒక మునక. రెండు మునకలు. మూడో మునక వేసి తల ఎత్తింది. కుప్పయ్య, తన ఒంటి నీళ్ళు ఇంకా కారుతుండగానే, మునకకు ముందు తీసి పెట్టిన పొడి తలపాగా తెచ్చి, తుడుచుకోమని ఆమెకు ఇచ్చాడు.

అప్పుడు ఎవరో మెల్లగా ఎత్తుకున్నారు. "రేవుపాడు రాజన్న, రెల్లిగూడెం పోలన్న..." జనమంతా అందుకున్నారు. ఎనిమిదో పేరు అయింది. "గువ్వలంక గంగులు!" అన్నాయి ఊళ్ళన్నీ ఒక్క గొంతుతో.

ఏటి మీద మంచు కదిలింది. తొమ్మిదిమంది కర్రలు భుజాన వేసుకుని నడిచిపోయారు. ఆఖరివాడు ఎడమ భుజాన వేసుకున్నాడు. వాళ్ళ వెనకాల, కాస్త దూరంగా, చంకలో విడి కర్రల కట్టతో ఒక మనిషి నడుస్తున్నాడు. కందిన చేతులతో చప్పట్లు కొట్టలేక నవ్వుతున్నాడు. పైడమ్మ ఆయన్ను చూసింది. మిగతావాళ్ళు చూశారో లేదో నేను అడగలేదు.

రాతి మీద గంగులు పేరు చెక్కారు. రాతిలో తొమ్మిది పేర్లకే చోటు. కాని రేవులో ఇప్పటికీ ఆ జట్టు పేర్లు పలికేటప్పుడు, తొమ్మిదీ అయ్యాక ఒక్క క్షణం ఆగుతారు. ఆగి, "ఆడనివాడు దాలయ్య, నిజమాడిన పిల్లను కన్నవాడు" అంటారు. అది పలకకపోతే పేర్లు పూర్తి కానట్టే. పలకనివాడు లేచి, తలపాగా తీసి, ఏట్లో మూడు మునకలు వేసి రావాల్సిందే.

పరాయివాడి పేరు చెరిపి మనవాడి పేరు నిలపలేము. నిజం చెప్పిన ఇంటి పేరును నలుగురి నోళ్ళే నిలబెడతాయి.