పంచె మీద కోడి

షమీమ్ చేస్తున్న గేములో అన్నీ ఉన్నాయి, బొమ్మలు తప్ప.

పగలంతా మందుల షాపులో పని, తీరిక దొరికితే కంప్యూటర్ ముందు. కోడి గోడలు దూకాలి, గింజలు ఏరుకోవాలి, నక్కకు దొరక్కూడదు. అదీ ఆట. దూకడం భేషుగ్గా కుదిరింది. కాకపోతే తెర మీద కోడి ఒక పసుపుపచ్చ డబ్బా, నక్క ఒక ఎర్ర డబ్బా!

బొమ్మలు నేర్చుకుందామని తోలుబొమ్మలాడించే కుళ్ళాయప్ప దగ్గర చేరింది. ఆయనేమో ఆమె వచ్చినప్పుడల్లా కోడిని గీయమంటాడు, చూసి "ఊఁ" అంటాడు. అంతే. ఆ "ఊఁ"లో ఏముందో పైవాడికే తెలియాలి.

ఒక ఆదివారం పొద్దున ఆమె కాగితం ఆయన ముందు పడేసింది.

"నాకు రాదు తాతా. నేను గీస్తే గీతే నన్ను చూసి నవ్వుతాంది. ఇంటికి పోయి గేము మొత్తం తీసిపారేస్తా. పీడా పోతుంది."

కుళ్ళాయప్ప చూశాడు. కోడికి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. మెడ అచ్చం సొరకాయ.

"ఆ కాలన్నా దిద్దు తాతా."

ఆయన దిద్దలేదు. కత్తెర తీసి, ఉన్న గీత మీదే కత్తిరించాడు. కాళ్ళు విడిగా కోసి, దారంతో తొడ దగ్గర ముడేశాడు. ఓ వెదురుపుల్ల కట్టాడు. పెరట్లో తన పంచె ఎండకు ఆరుతుంటే, దాని వెనక, ఎండ వైపు కూర్చుని చెయ్యెత్తాడు.

పంచె మీద కోడి నడిచింది! పొట్టికాలు ఆనితే ఒంగుతోంది, పొడుగుకాలు ఆనితే నిక్కుతోంది. ఆ సొరకాయ మెడ ఒకటి, ఊరంతా తనదే అన్నట్టు అటూ ఇటూ తిరుగుతోంది.

గిన్నెలు తోముతున్న ఆయన భార్య నాగరత్నమ్మ చెయ్యాపింది. "ఓయబ్బ, ఎవరే ఈ టెక్కులాడి? ఇన్నాళ్ళూ యాడ దాచినారు?" అని పడీ పడీ నవ్వింది.

షమీమ్‌కీ నవ్వాగలేదు. "తాతా, దూకించు! ఆ బిందె మీదికి దూకించు!"

"నాకు రాదు" అన్నాడు కుళ్ళాయప్ప పంచె వెనక నుంచి. "దూకేది నీ గేములో ఉంది గదా."

మళ్ళీ ఆదివారం షమీమ్ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. తెర మీద అదే కోడి కుంటుకుంటూ వచ్చి గోడ దూకుతోంది. కుళ్ళాయప్ప ఆడుతున్నాడు, ఓడుతున్నాడు, మళ్ళీ ఆడుతున్నాడు.

"నక్కకు మొహం లేదేమే?" అంది నాగరత్నమ్మ.

షమీమ్ అప్పటికే పెన్సిల్ పట్టుకుంది. "తాతా, నక్క తోక ఎంత పొడుగుండాల?"

కుళ్ళాయప్ప ఆట మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఊఁ" అన్నాడు.

షమీమ్ నవ్వుకుని, తోక మొదలుపెట్టింది. కాగితం చివరిదాకా పోనిచ్చింది.