పదునమ్మ తల్లి ముత్తెపులంకలో వెలసిన వైనం

గోదావరి పాయల నడుమనున్న ముత్తెపులంకకు నేటికీ పడవ మీదనే చేరుకోవాలి. రేవు దిగి ఇసుకలో నూరడుగులు వేస్తే పదునమ్మ తల్లి గుడి వస్తుంది. గోపురం కోసం వెతుక్కోకండి. నాలుగు మూరల మట్టిగది, పైన తాటాకు కప్పు, అంతే. లోపల శిల లేదు. గోడ మీద తేనెరంగు మరకగా, కూర్చున్న స్త్రీరూపంలో అమ్మవారు దర్శనమిస్తారు. చూసినవారికి ఒళ్లు జలదరించక మానదు.

పూర్వం ఇక్కడ వరద తీసిన ప్రతిసారీ లంకభూమిని కొత్తగా పంచేవారు. తాము పండించిన పొగాకును ఆరబెట్టి, చిరగని ఆకు చూపినవారికే వారి చెక్క, అంటే వారి వంతు నేల, దక్కేది. పల్లాలమ్మ అనే వితంతువుకు పెరడంత చెక్క తప్ప వేరే ఆధారం లేదు. ఊరివారు పెద్ద పాకల్లో ఆకు వేలాడదీస్తే, ఆమెకున్నది ఈ గది ఒక్కటే. దొంగల భయంతో ఆకంతా అందులో కుక్కి తలుపు బిగించింది. మూడోనాటికి సగానికి బూజు పట్టింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన ఆమెకు కలలో ఒక ముత్తైదువ కనబడింది.

"గది చిన్నదని బెంగపడకే తల్లీ. ఆకుకీ ఆకుకీ నడుమ నీ అరచెయ్యి పట్టనీ. తలుపు తీసుంచు. దానికీ గాలాడాలి గదా!"

పల్లాలమ్మ బూజు ఆకు పారేసి, మిగిలిన నలభై ఆకులను అరచేయి ఎడంతో వాసాలకు కట్టింది. తనకు చోటు మిగలక వాకిట్లో గోనె పరచుకుంది. పిచ్చుకగూట్లో పెళ్లిపందిరని ఊరు నవ్వింది. ఆకు మాత్రం పచ్చదనం విడిచి పసుపుకు, పసుపు విడిచి తేనెరంగుకు తిరిగింది.

నెల దాటాక ఒక మిట్టమధ్యాహ్నం, భూమి పంచే పెదకాపు సూరన్న వచ్చి ఆకు దింపమన్నాడు. ఎండిన ఆకు మంచుకు మెత్తబడి పదునెక్కితేనే చేయి వేయాలని లంకలో తెలియనివారు లేరు. సూరన్నకూ తెలుసు. తెలిసే వచ్చాడు.

"ఇప్పుడు ముట్టుకుంటే అప్పడంలా పొడైపోద్దండి పెదకాపుగారూ. తెల్లారగట్ట దింపుతానండి," అని ఆమె బతిమాలింది.

"ఇప్పుడే దింపు. లేపోతే నీ చెక్క మా బామ్మర్దిది."

పల్లాలమ్మ గడపలో నిలబడి "అమ్మా" అంది. ఏమని చెప్పేది! నడినెత్తిన సూర్యుడుండగానే ఏటి మీద మంచు లేచింది. ఇసుక మీదుగా నడిచి వచ్చి, తెరచిన తలుపులోంచి లోపలికి వెళ్లింది. పక్కనున్న సూరన్న పాకను తాకనైనా లేదు. నలభై ఆకులూ పట్టుబట్టలా చేతిలోకి దిగాయి. ఒక్క ఈనె విరగలేదు. చివరి ఆకు తీయగానే గోడ మీద అమ్మవారు కనిపించారు. సూరన్న కర్ర వదిలేసి గడప బయటే కూలబడ్డాడు. చెక్క పల్లాలమ్మకే దక్కింది.

ఇరుకు ఇళ్లవారు, అద్దెగదుల్లో కాపురం పెట్టినవారు ఇక్కడ ఒక పచ్చి ఆకు కట్టి మొక్కుకుంటారు. ఉన్న చోటే చాలినంత అవుతుందని నమ్మిక. ప్రసాదం కదా అని ఆ ఆకుతో చుట్ట చుట్టుకోబోయేవారూ లేకపోలేదు. దాన్ని గోదావరిలోనే కలపాలి. జాతరనాడు సూరన్న వంశస్థులు మిట్టమధ్యాహ్నం వచ్చి గడప బయట నిలబడతారు. ఎంత పెద్దవారైనా కూర్చోరు. మర్నాటి తెల్లవారుజాము మంచుకు గుడిలో కట్టిన ఆకు పదునెక్కాక, పల్లాలమ్మ ఇంటి ఆడపడుచు ఆకు తాకి చూసి, "ఇప్పుడు రండి బాబూ" అంటేనే లోపలికి అడుగు పెడతారు.