దవనం మెచ్చిన ఫ్రెంచి వైను

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, జంతువులన్నీ ఎంత దాహం వేసినా ముందు ఒక మాట కోసం ఎదురుచూసేవి. ఆ మాట "తాగండి."

అది చెప్పాల్సింది దవనం. దవనం ఒక పునుగుపిల్లి. సన్నటి మూతి, బూడిదరంగు ఒళ్ళు, నల్లటి చారలు. చూడ్డానికి పిడికెడంత. కానీ ఆ ముక్కు, ఆ నాలుక అడవి మొత్తంలో ఇంకెవరికీ లేవు.

ఎండాకాలం వస్తే ఆ అడవిలో వాగులన్నీ ఎండిపోయి మూడు మడుగులు మిగిలేవి. ఆ నీళ్ళు కూడా ఒక్కోసారి చెడిపోయేవి. అందుకని ఒక ఆచారం పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే దవనం ముందు వెళ్ళి వాసన చూడాలి. నాలుక చివర ఒక్క చుక్క వేసుకోవాలి. "తాగండి" అంటే అందరూ తాగాలి. "వద్దు" అంటే ఏనుగైనా సరే వెనక్కి తిరగాలి.

ఏనుగైనా సరే! చూశారా, ఆ పిడికెడు ప్రాణానికి ఎంత బలమో. అది కోరలతో వచ్చిన బలం కాదు. నమ్మితే వచ్చిన బలం.

ఈ పని దవనానికి వాళ్ళమ్మ అప్పజెప్పింది. పోయేముందు ఆవిడ ఒక్కటే చెప్పింది.

"నాలుక ఏం చెప్తే నోరూ అదే చెప్పాలమ్మా. ఆ రెంటి మధ్యకి ఇంకెవర్నీ రానివ్వకు."

దవనానికి చుక్కి అని ఒక దుప్పి స్నేహితురాలుండేది. ఆ ఏడాదే పిల్లను కన్నది. దవనాన్ని అక్కా అని పిలిచేది. దవనం "తా..." అనేసరికే చుక్కి మూతి నీళ్ళలో ఉండేది.

"మాట పూర్తిగా విను పిల్లా!" అని దవనం కసిరేది.

"నీ మాటకి మొదలు వింటే చాల్లే అక్కా" అనేది చుక్కి, గడ్డం కింద నీళ్ళు కారుతుంటే.

ఆ అడవి అంచున గుట్ట మీద ఒక బంగళా ఉండేది. పట్నంవాళ్ళు సెలవులకి వచ్చి పోయేవాళ్ళు. అక్కడ చీమ కదిలినా కొండముచ్చు తోకరాయుడికి తెలిసిపోయేది. ఒకరోజు అతను కొమ్మలన్నీ ఊపుకుంటూ వచ్చాడు.

"దవనమ్మా, దవనమ్మా! బంగళాలో ఫ్రాన్సు దేశపు ఎర్ర వైను దిగింది. ద్రాక్షపళ్ళ రసం పులియబెట్టి, చీకటి గదిలో ఏళ్ళకేళ్ళు దాచిపెడతారట. నీకంటే వయసులో పెద్దది, నమస్కారం పెట్టుకో!"

"తాగడానికేగా, అంత హడావిడి దేనికి?"

"తాగడమా! ముందు చూడాలి. ఒంటికాలి గ్లాసులో పోసి, వెలుగుకి పట్టి రంగు చూడాలి. తర్వాత గిరగిరా తిప్పాలి. తర్వాత గ్లాసులో ముక్కు దూర్చి కళ్ళు మూసుకోవాలి. అప్పుడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి ఆడించాలి."

"అప్పుడైనా మింగుతారా?"

"కొందరు ఉమ్మేస్తారు."

"పిచ్చా వాళ్ళకి?"

"గొప్ప!" అన్నాడు తోకరాయుడు, అదే పనిగా బుగ్గలు ఆడిస్తూ.

దవనం నవ్వింది. కానీ ముక్కు ఊరుకోదు కదా. సాయంత్రం గుట్ట ఎక్కింది. మనుషులు లోపలికి వెళ్ళాక చూస్తే, అరుగు మీద ఒక గ్లాసు దొర్లి పడి ఉంది. దాని అంచున ఒకే ఒక్క ఎర్రటి చుక్క.

దవనం దాన్ని నాకింది. నాకి, అలాగే నిలబడిపోయింది.

ముందు బాగా మాగిన నేరేడుపండు వచ్చింది. దాని వెనకాల తొలకరికి తడిసిన మట్టి. ఆ వెనకాల ఎండుటాకులు, ఎక్కడో దూరాన ఆరిపోతున్న పొగ. నాలుక అంచుల మీద కరక్కాయ కొరికినట్టు చిన్న వగరు. మింగాక కూడా అది పోలేదు. గుట్ట దిగేదాకా తోడొచ్చింది. దవనానికి ఏమనిపించిందో తెలుసా? ఎప్పుడో ఎవరో కోసిన పండు, ఇన్నేళ్ళూ చీకట్లో ఓపిగ్గా కూర్చుని, తనకి జరిగిందంతా మర్చిపోకుండా చెప్తున్నట్టు అనిపించింది.

ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ఎంత తపించిపోయిందో! కానీ అడవిలో ఆమెను ఎప్పుడూ ఎవరూ రుచి ఎలా ఉందని అడగలేదు. తాగాలా, వద్దా? అంతే అడిగేవాళ్ళు.

పట్నంవాళ్ళు బంగళాకి తాళం వేసి వెళ్ళిపోయారు. సగం ఖాళీ అయిన సీసా ఒకటి మూత లేకుండా ప్రహరీగోడ మీద ఉండిపోయింది. రోజుల తరబడి ఎండలో కాగింది. ఆ తర్వాత తోకరాయుడు దాన్ని ఎత్తుకొచ్చి, అడవికి రాజైన చిరుతదొర ముందు పెట్టాడు.

దొర పొంగిపోయాడు. ఏటి అవతలి పెద్దపులిని విందుకి పిలిచాడు. పొద్దు వాలేవేళ అందర్నీ గుహ ముందు కూర్చోబెట్టాడు. తోకరాయుడు ఎక్కడో కొట్టుకొచ్చిన గ్లాసుల్లో దొరకీ అతిథికీ పోశాడు. మిగతా అందరికీ మోదుగాకు దొన్నెల్లో తలా ఒక చుక్క.

"మా దవనం నాలుక నాలుగు అడవులకు తెలుసు" అన్నాడు దొర. "ఈ ఫ్రెంచి వైను గొప్పదనం తనే చెప్తుంది."

"మీ దగ్గర పిల్లులు చెప్తే పులులు వినాలా?" అని పెద్దపులి పళ్ళు కనిపించేలా నవ్వాడు. "సరే, కానివ్వండి."

దవనం దొర గ్లాసు దగ్గర ముక్కు పెట్టింది. ఘాటు ముక్కుని గీరింది. నాలుక మీద వేసుకుంది. పులుపు. ఒట్టి పాడైపోయిన పులుపు. నేరేడు లేదు, మట్టి లేదు, పొగ లేదు. లోపల ఉన్న పండు ఎప్పుడో చచ్చిపోయింది.

తలెత్తి చూసింది. తోకరాయుడు వణుకుతున్నాడు. పెద్దపులి ఎగతాళి చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. చిరుతదొర తోకతో నేలని ఒకసారి కొట్టాడు. రెండోసారి కొట్టాడు. మూడోసారి కొట్టకముందే దవనం కళ్ళు మూసుకుంది.

"ముందు మాగిన నేరేడు" అంది. "తర్వాత తొలకరి మట్టి. ఆ వెనకాల ఎండుటాకులు, దూరపు పొగ..."

అరుగు మీది ఆ చుక్కనే తలుచుకుని చెప్పుకుపోయింది. చెప్పినకొద్దీ మాటలు వచ్చాయి. ఎంత బాగా చెప్పిందంటే పెద్దపులి కూడా నవ్వు ఆపి విన్నాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ ఒక్క మాట కూడా ఆ గ్లాసులో ఉన్నదాని గురించి కాదు.

"ఆహా!" అన్నాడు దొర. "ఆహా!" అన్నారు అందరూ, మొహాలు వంకర్లు పోతుంటే సర్దుకుంటూ.

చుక్కి పక్కకి జరిగి గుసగుసలాడింది. "అక్కా, నాకు పుల్లగా, కంపుగా ఉందే? నువ్వు చెప్పినవేవీ తగల్లేదు. నా నాలుకదేనా తప్పు?"

దొర చెవులు ఇటే తిరిగి ఉన్నాయి. దవనం చూసింది.

"నీ నాలుకదే తప్పు" అంది.

"అలాగా" అంది చుక్కి చిన్నబోయి. దొన్నెలో ఉన్నది మొత్తం నాకేసింది.

ఆ రాత్రి నుంచీ చెవులపిల్లి పొదల్లో అందర్నీ నవ్వించేది. పుల్లటి ఉసిరికాయ కొరికి, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ, "అబ్బబ్బ, తొలకరి మట్టి!" అనేది. దవనం వస్తుంటే నవ్వులు ఆగిపోయేవి. ఎదురుపడితే అందరూ మర్యాదగానే మాట్లాడేవాళ్ళు. అదే ఆమెను భయపెట్టింది.

ఎండలు ముదిరాయి. మొదటి మడుగు ఎండింది. రెండోది బురదైంది. మూడోదాంట్లో కాసిని నీళ్ళు మిగిలాయి. ఏరు రెండురోజుల నడక. చిరుతదొర మాత్రం అప్పటికే పెద్దపులి ఇంటికి విందుకి వెళ్ళిపోయాడు. దొరలకేం, ఎక్కడైనా నీళ్ళు దొరుకుతాయి.

ఒకరోజు పొద్దున దవనం మడుగు దగ్గర ముక్కు పెట్టి ఉలిక్కిపడింది. నాలుక చివర చుక్క వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. చల్లగా కొరికే చేదు. ఇది ఎండ చేసిన పని కాదు. ఎవరో వేటగాళ్ళు నీళ్ళలో మందు కలిపారు.

"వద్దు!" అని అరిచింది. "ఎవరూ తాగొద్దు! విషం!"

ఎవరూ వెనక్కి తిరగలేదు.

చెవులపిల్లి ముందుకొచ్చింది. "ఆగు. ఒక ప్రశ్న. ఆ రోజు సీసాలో ఉన్నది చెడిపోయిందా, లేదా?"

దవనం తల దించుకుంది. "చెడిపోయింది."

"మరి నువ్వేమన్నావు?"

"బావుందన్నాను."

"ఎందుకన్నావు?"

"భయమేసింది."

"ఇవాళ భయం లేదా?"

"ఉంది. మీరు చచ్చిపోతారని భయం."

"అంటే భయమేస్తే అబద్ధం చెప్తావు. ఇవాళ కూడా భయమేస్తోందంటున్నావు. మరి మేమేం అనుకోవాలి?"

దీనికి మీ దగ్గర జవాబుందా?

"దొర తిరిగొచ్చేదాకా ఈ నీళ్ళు ఆయన కోసం దాచమన్నాడేమో" అంది అడవిపంది.

"మీరే చూడండి!" దవనం గొంతు చీలిపోయింది. "మీకూ ముక్కులున్నాయి, నాలుకలున్నాయి. మీరే చూడండి!"

చుక్కి మెల్లగా ముందుకొచ్చింది. డొక్కలు లోపలికి పోయాయి. వెనకాల పిల్ల నిలబడలేక తూలుతోంది. చుక్కి వంగి ఒక్క చుక్క నాకింది.

"ఏదో చేదుగా ఉందక్కా. కొరుకుతున్నట్టుంది."

"అదే! అదే చుక్కీ! నీ నాలుక నిజం చెప్తోంది!"

చుక్కి ఆమె వైపు తల తిప్పింది. ఆ చూపులో కోపం లేదు.

"ఆ రోజూ ఇలాగే చెప్పింది అక్కా. నీ నాలుకదే తప్పన్నావు. నిన్ను నమ్మి నా నాలుకని నమ్మడం మానేశాను. ఇప్పుడు దేన్ని నమ్మమంటావు?"

"చుక్కీ, కాళ్ళు పట్టుకుంటా..."

"పాలు ఎండిపోయాయి. పిల్ల నిన్నటి నుంచీ ఉత్త పొదుగు చప్పరిస్తోంది. నేను తాగాలి."

దవనం అడ్డంగా పడుకుంది. పిడికెడు ప్రాణం ఎంత అడ్డం? చుక్కి ఆమె మీంచి దాటి వెళ్ళింది. కడుపు నిండా తాగింది. మిగతావాళ్ళు చుక్కికి ఏమవుతుందో చూద్దామని ఆగారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి చుక్కి ఒడ్డున పడి ఉంది. పిల్ల ఇంకా పొదుగు దగ్గరే మూతి పెడుతుంటే దవనమే దాన్ని లాగేసింది. చెవులపిల్లి ప్రశ్నలన్నీ అయిపోయాయి.

అందరూ ఏటికి బయల్దేరారు. అందరికంటే వెనకాల దవనం. దారిలో ఎన్ని పడిపోయాయో ఆమె చూసింది. చుక్కి పిల్ల కూడా పడిపోయింది. అది లేవలేదు.

రెండోరోజు ఏరు వచ్చింది. పారే నీళ్ళు, అడుగున రాళ్ళు కనిపించే నీళ్ళు. దవనం ముందుకెళ్ళి నాలుక చివర ఒక్క చుక్క వేసుకుంది.

"తాగండి" అంది.

ఎవరూ కదల్లేదు.

"తాగండి, మంచి నీళ్ళు! దేని మీద ఒట్టు పెట్టమంటే దాని మీద పెడతాను!"

"నువ్వు తాగు" అంది అడవిపంది. "మేం చూస్తాం."

దవనం తాగింది. అందరూ ఎండిపోయిన నాలుకలు బయటపెట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చున్నారు. నీళ్ళ వైపు ఒక్కరూ చూడలేదు. ఆమె పడిపోతుందేమో అని చూశారు. నీడలు ఏటి మీదకి సాగాయి. ఆమె పడిపోలేదు. అప్పుడు ఒక్కొక్కరే లేచి, ఆమెను తప్పుకుని నడిచి, నీళ్ళలో మూతులు పెట్టారు.

చాలా మంచి నీళ్ళు అవి. కొండ రాతి చల్లదనం ఉంది. ఎక్కడో పైన రాలిన మద్దిపూల వాసన ఉంది. మింగాక కూడా చాలాసేపు నిలిచే తీపి ఉంది. అవన్నీ చెప్పడానికి దవనం దగ్గర ఎన్ని మాటలున్నాయో! అడిగేవాళ్ళే లేరు.

నీతి: భయపడి తెలిసి తెలిసి అబద్ధం చెప్తే పోయేది మన మాట ఒక్కటే కాదు, మనల్ని నమ్మినవాళ్ళు తమ మీద పెట్టుకున్న నమ్మకం కూడా పోతుంది, అది మనం తిరిగి ఇవ్వలేం.